ఇద్దరు ఎర్దెనెలు

బల్లేలు నాలుగు దిక్కులనుంచీ ఒక్కసారే వంగాయి. రాకుమారుడు హేమాంగదుడు కళ్ళెం బిగబట్టి, పక్కనున్న దుబాసి నాగోజి చెవిలో, "తాతా, కత్తి జోలికి పోకు. మనం గుర్రాల వర్తకులం. నువ్వు నా గుమాస్తావి. మర్చిపోయావంటే ఇద్దరం ఇక్కడే ఎరువు" అన్నాడు.

"మర్చిపోయేవాణ్ణయితే దుబాసినెందుకవుతాను బాబూ! నీ మీసం కాస్త కిందికి దువ్వుకో. వర్తకుడి మీసం అలా పైకి లేవదు" అని గొణిగాడు నాగోజి.

కనకధార రాజ్యానికి ఉత్తరాన, మంచుకొండలు దాటిన మరుక్షణం నేల చాపలా పరుచుకుంటుంది. దాక్కోవడానికి చెట్టన్నది లేదు. గాలి వీచిందంటే మోకాలెత్తు గడ్డి పచ్చని కెరటమై లేచి, ఆకాశం అంచుదాకా పరుగెత్తి, ఆ నీలంలో మునిగి మాయమవుతుంది. మబ్బుల నీడలు ఏనుగుల మందల్లా నేలమీద నింపాదిగా నడుస్తుంటాయి. ఆ పచ్చటి కడలి మధ్య, వాన వెలిశాక మొలిచిన పుట్టగొడుగుల్లా తెల్లటి గుండ్రటి గుడారాలు. గేర్ అంటారు వాటిని ఆ మంగోలు జనం. ఉన్నిని తడిపి, తొక్కి, దళసరి చేసిన కంబళ్ళతో కప్పిన ఇళ్ళవి. అంత అందమైన చోటులోనూ ఆ వేళ ఒక్క పిల్ల నవ్వు వినపడలేదు. కుక్కలు కూడా తోకలు ముడుచుకుని పడున్నాయి. ఏదో జరిగింది అనుకున్నాడు హేమాంగదుడు.

జరిగినదాంట్లో సగం అతడికి తెలుసు. అతడి అక్క రత్నప్రభను ఖారగోల్ తెగ దొర చులూన్ చిన్నకొడుక్కి ఇచ్చి పెళ్ళిచేసి కనకధార రాజు సంధి కుదుర్చుకున్నాడు. సంధిలో ఒక మెలిక ఉంది. ఆడపిల్ల పుట్టింటి మగవాడెవడూ గడ్డిసీమలో కాలు పెట్టకూడదు. పెడితే సంధి చెడినట్టే, యుద్ధమే. అందుకే ఈ వర్తకుడి వేషం. గడ్డిసీమలో శతజిహ్వ అనే మంత్రగత్తె తిరుగుతోందనీ, అది రత్నప్రభ ముఖం తొడుక్కుందనీ కొండల్లో సాధువొకడు చెప్పాడు. అక్క బతికే ఉందా? అది తేల్చుకోవడానికే ఈ సాహసం.

రౌతులు ఇద్దర్నీ పెద్ద గుడారంలోకి తోశారు. లోపల పొగ. పొగలోంచి ముందు రెండు కళ్ళు కనిపించాయి, తర్వాత మనిషి. చులూన్ దొర అంటే దొరే. నలుపెక్కిన రాగిరంగు ముఖం, ఎగతాళి ఎరగని పెదవులు.

"చులూన్ అంటే వీళ్ళ మాటలో రాయి. పేరు పెట్టినవాడెవడో ముఖం చూసే పెట్టాడు" అని నాగోజి నసిగాడు.

"ఏమంటున్నాడు నీ గుమాస్తా?" అన్నాడు చులూన్ తన భాషలో. నాగోజి తల వంచి, "దొరవారి తేజస్సు పొగడుతున్నానండి" అన్నాడు.

"తేజస్సు సంగతి తర్వాత. మీరు దక్షిణాదివాళ్ళు. నా కోడలూ దక్షిణాదిదే. ఇప్పుడు నాకు ఒకే ముఖంతో ఇద్దరు కోడళ్ళున్నారు." దొర గొంతులో కోపం కన్నా జుగుప్స ఎక్కువగా ఉంది. "నా కొడుకు ఉత్తరాన మంచుకోనమీదికి దండు తీసుకుపోయాడు. వాడు వెళ్ళాక కోడలితో వచ్చిన దాది చచ్చి దొరికింది. నోట్లో నాలుక లేదు. తర్వాత మా గుర్రాలు కాసేవాడు. వాడికీ లేదు. ఆ మర్నాడు పొద్దున్నే కోడలి గుడారంలోంచి ఇద్దరు బయటికి వచ్చారు."

శతజిహ్వ పద్ధతి అదే. ఎవరి నాలుక కోసి మింగితే వాళ్ళు ఎరిగిన మాటలూ ముచ్చట్లూ అన్నీ దాని సొంతం. నాలుక మింగితేగాని దానికి భాష రాదు.

"ఇద్దర్నీ చెరో గుడారంలో పెట్టాను. మాట కలిపితే మంత్రం అంటుకుంటుందని మావాళ్ళనెవర్నీ దగ్గరికి పోనివ్వలేదు. మీరు పరాయివాళ్ళు, మీకు అంటుకుంటే నాకేం పోయింది? పోయి తేల్చండి. మంత్రగత్తె అని మీరు చెప్పినదాన్ని కంబళిలో చుట్టి కుట్టి గుర్రాలతో తొక్కిస్తాను. దొరల ఇంటి నెత్తురు నేలమీద పడకూడదు, అది మా రివాజు. మీరు అబద్ధం చెప్పారని తెలిస్తే ఆ కంబళిలోనే మీకూ చోటుంది."

బయటికొస్తూ హేమాంగదుడు, "తాతా, నీకు వీళ్ళ భాష నిజంగా వచ్చా? లేక పొగడ్తలే వచ్చా?" అన్నాడు.

నాగోజికి పౌరుషం వచ్చింది. "కనకధార బందీఖానాలో మంగోలు రౌతులతో కలిసి గంజి తాగి నేర్చుకున్నాను బాబూ. ఒకప్పుడు వీళ్ళందరిదీ ఒకే మాట. దండయాత్రలకు పోయినవాళ్ళు పడమరన ఉండిపోయారు, కొందరు తూర్పు అడవుల్లో, కొందరు దక్షిణపు కొండల్లో. మందలు విడిపోయినట్టే మాటలూ విడిపోయాయి. ఎరుపును పూర్వం హులాన్ అనేవారు. ఇక్కడివాళ్ళు ముందున్న ఊపిరి వదిలేసి ఉలాన్ అంటున్నారు. తూర్పు అడవుల్లోవాళ్ళు ఇప్పటికీ ఆ ఊపిరి వదల్లేదు. అంతెందుకు, మన కోటలో కాపలా అధికారిని దరోగా అంటున్నామే, ఆ మాట పుట్టిల్లు ఇదే. బదులుగా మనవి వాళ్ళూ పట్టుకుపోయారు. రత్నం అనే మాట భిక్షువుల నోట కొండలూ ఎడారులూ దాటి వచ్చి ఇక్కడ ఎర్దెనె అయింది. మన రత్నప్రభమ్మని వీళ్ళు పిలిచేది ఎర్దెనె అనే."

"మాటలన్నీ తెలిసినవాడివి, మనుషుల్ని గుర్తుపడతావా?"

"మాట బట్టే మనిషి బాబూ. ఇన్నేళ్ళు ఇక్కడ కాపురం చేసిన ఆడది ఇంట్లో ఉన్న వస్తువుల పేర్లు తడుముకోదు. మొన్న వచ్చిన మంత్రగత్తె తడుముకుంటుంది. అదే పరీక్ష."

మొదటి గుడారం తెర ఎత్తగానే హేమాంగదుడు ఆగిపోయాడు. అక్కే. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పుడు ఉయ్యాల తగిలిన మచ్చ కూడా అలాగే ఉంది. ఆమె అతణ్ణి చూసింది. ఒక్క రెప్పపాటు చూసి తల దించుకుంది. పలకరింపు లేదు, కన్నీరు లేదు. కాపలావాడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

'అక్కయితే నన్ను గుర్తుపట్టదా?' అనుకున్నాడు. మొదటి అనుమానం అక్కడ నాటుకుంది.

కనకధార కోట ఉత్తరద్వారం మీద ఏముందని అడిగాడు. రెండు తలల హంస అంది. సరైనదే. కానీ దాది నాలుక మింగినదానికి హంస తెలియకపోదు.

ఇక నాగోజి మొదలుపెట్టాడు. మంగోలు మాటలో గుర్రాల రంగులడిగాడు. బూడిదవన్నె గుర్రాన్ని బోర్ అందామె, ఎర్రటి గోధుమవన్నెదాన్ని జేర్ద్ అంది. పులిసిన గుర్రప్పాలను ఐరాగ్ అంది. బాగానే ఉంది. నాగోజి పొయ్యికింద పెట్టిన రాయి చూపించాడు.

ఆమె నోరు తెరిచి మూసింది. "అది... గట్టిది" అంది.

"గట్టిదే. పేరేమిటి తల్లీ?"

"బరువైనది" అంది. నుదుటిమీద చెమట పట్టింది.

నాగోజి ఇనప పట్టకారు చూపించాడు. "నల్లనిది. నిప్పు పట్టుకునేది" అంది గొంతు తగ్గించి. ఎంత గుచ్చి అడిగినా పేరు చెప్పలేదు. చివరికి చేతులు జోడించి, "ఇంకేదైనా అడగండి" అంది.

రెండో గుడారంలో ఉన్నదీ అక్కే. అదే మచ్చ, అదే గొంతు. హేమాంగదుణ్ణి చూసి ఆమెకూడా గుర్తుపట్టినట్టు కనపడలేదు. ద్వారం మీద రెండు తలల హంస అని చెప్పింది. నాగోజి అడుగుతుంటే మాత్రం చిల్లులు పడ్డ ఆకాశంలా కురిసింది. నాగోజి అడిగిన గుర్రాల రంగులే కాదు, నాగోజి ఎన్నడూ వినని రంగులు కూడా చెప్పింది. రాయి అంటే చులూన్, ఇనుము అంటే తెముర్, పట్టకారుకు పేరు, గుడారం పైకప్పు గుండ్రటి కంతకు పేరు. తోడేలును మాత్రం ఆ పేరుతో అనలేదు, "ఆకాశపు కుక్క" అంది.

నాగోజి తొడ చరుచుకున్నాడు. "విన్నావా బాబూ? మందలు కాసే జనం తోడేలు పేరెత్తరు. ఎత్తితే వచ్చిపడుతుందని భయం. ఇంత లోతు మంత్రగత్తెకెక్కడిది? ఈమే మన అమ్మాయి!"

హేమాంగదుడి మనసులో ఏదో గరగరలాడింది. అయినా అతడు తలూపాడు.

తీర్పు విన్న చులూన్ కారణాలడగలేదు. "ఆ ముందుదానికి మా మాట రాదంటున్నాడు గుమాస్తా. చాలు" అన్నాడు. అలా మొదటి గుడారంలోంచి ఆమెను లాక్కొచ్చారు. ఆమె పెనుగులాడలేదు. కంబళి పరిచి, ఆమెను చుట్టి, దబ్బనాలతో గుర్రపు వెంట్రుకల తాడు వేసి కుట్టడం మొదలుపెట్టారు. దూరాన గుర్రాల గుంపును తోలుకొస్తున్న కేకలు వినపడుతున్నాయి. రెండో ఆమెను చులూన్ భార్య చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి, తన పక్కన మెత్తటి ఆసనం మీద కూర్చోబెట్టుకుంది.

పెద్ద గుడారంలోకి విందు వచ్చింది. గొర్రె మాంసాన్ని పెద్ద తోలు తిత్తిలో, నిప్పుల్లో ఎర్రగా కాల్చిన గులకరాళ్ళ మధ్య పేర్చి ఉడికించారు. వడ్డించడానికి తెముర్ భార్య వచ్చింది. తెముర్ అంటే చులూన్ దొర తోడబుట్టినవాడి కొడుకు, రత్నప్రభకు బావగారి వరస. ఆ పిల్ల పేరు సరన్. తలగుడ్డ మొహంమీదికి లాక్కుని, మాంసంలోంచి ఇంకా వేడిగా ఉన్న రాళ్ళు గుడ్డతో తీసి అతిథుల చేతుల్లో పెడుతూ ఏదో అంది.

"చేతుల్లో అటూఇటూ దొర్లించుకోమంటోంది బాబూ, బడలిక పోతుందట" అని నాగోజి వేడికి 'ఉస్ ఉస్' అంటూ తర్జుమా చేశాడు. "ఈ కాలినవి, ఈ గట్టివి అంటుందేమిటి ఈ పిల్లకూడా! రాళ్ళు అనడానికేం వచ్చింది?"

హేమాంగదుడి చేతిలో రాయి ఆగిపోయింది.

"తాతా. అడుగు. రాయిని రాయి అని ఎందుకనదో అడుగు."

నాగోజి అడిగాడు. సరన్ ఉలిక్కిపడి, చెవులు మూసుకుని పారిపోయింది. చులూన్ భార్య నవ్వు ఆపుకోలేక, "ఏమయ్యా ముసలాయనా, మీ ఊళ్ళో కోడళ్ళు మామ పేరు పెట్టి పిలుస్తారా? మామ పేరు, బావ పేరు, ఆ పేరున్న వస్తువు పేరు, ఏదీ నోటితో అనకూడదు. మా అత్త నన్ను ఒక్క మాట పొరపాటుకు మూడు పూటలు పస్తు పెట్టింది. పదహారేళ్ళ పిల్లకే తెలుసు!" అంది.

నాగోజి తర్జుమా ముగియకుండానే, కనకధార అంతఃపురంలో నీళ్ళుమోసే సూరమ్మ హేమాంగదుడి కళ్ళముందు నిలబడింది. దాని మొగుడి పేరు బెల్లప్ప. వంటశాలలోకి వచ్చి, "ఆ తియ్యగడ్డ కొంచెం పెట్టండమ్మా" అని అడిగేది. పిల్లలందరూ చుట్టూ చేరి, "దాని పేరేంటి సూరమ్మా?" అని ఏడిపించేవాళ్ళు. సూరమ్మ చంపినా చెప్పేది కాదు.

"తాతా!" అతడు నాగోజి భుజం పట్టి కుదిపాడు. "నువ్వు ఎవరి నోట నేర్చుకున్నావు ఈ భాష? బందీఖానాలో రౌతుల నోట. మగాళ్ళ నోట! ఆ శతజిహ్వ ఎవరి నాలుక మింగింది? గుర్రాలు కాసేవాడిది! మీ ఇద్దరి భాషా ఒకటే, అందుకే నీకు అంత బాగుంది! తడుముకున్నది అక్క. మామ పేరు రాయి, బావ పేరు ఇనుము. చెప్పకూడదని చెప్పలేదు, రాక కాదు!"

నాగోజి ముఖం బూడిదయింది. "నా నోరు పడిపోనూ! ఎంత పని చేశాను బాబూ!"

"నన్ను చూసి పలకరించలేదని నేనూ అనుమానపడ్డాను. కాపలావాడి ముందు తమ్ముడంటే నా తల పోతుందని ఊరుకుంది." హేమాంగదుడు లేచాడు. "ఏడవకు. నేను చెప్పేది చెప్పినట్టు అరిచి చెప్పు."

గుమ్మం బయట అప్పటికే గుర్రాల గుంపు మైదానం అంచున దుమ్ము రేపుతోంది. కుట్టు పూర్తయి, కంబళి మూట ఒంటరిగా గడ్డిలో పడి ఉంది. ఇంకా తెంచని తాడు కొస పాములా సాగి ఉంది.

"దొరా! గుర్రాలను ఆపించండి! ఒక్క ప్రశ్న మిగిలింది!" అని నాగోజి గొంతు చించుకున్నాడు.

చులూన్ కళ్ళు చిట్లించాడు. పొద్దుటినుంచీ ఆ వర్తకుడి నడక అతడికి నచ్చలేదు. "వర్తకుడికి నా కోడలి మీద ఇంత ఆదుర్దా ఏమిటి?" అన్నాడు. అయినా చెయ్యెత్తాడు. రౌతులు గుర్రాలను వలయంగా తిప్పి నిలిపారు.

హేమాంగదుడు దొరసాని పక్కనున్న ఆమె ముందుకు వెళ్ళి, చేతిలోని రాయి చూపించి, "తల్లీ, అందరూ వినేలా చెప్పు. ఈ మాంసం దేనితో ఉడికింది?" అన్నాడు. నాగోజి దాన్ని మంగోలు మాటలో అరిచాడు.

ఆమె చిన్నగా నవ్వింది. పొద్దుట ఇచ్చిన జవాబుకు దొరికిన మెప్పు ఇంకా తలకెక్కి ఉంది. "ఇదేం ప్రశ్న? చులూన్‌తో" అంది.

 ఆడవాళ్ళందరూ ఒక్కసారే చెవులు మూసుకున్నారు. దొరసాని చేతిలో ఐరాగ్ గిన్నె జారి ఒలికింది. చులూన్ లేచి నిలబడ్డాడు. కోడలు మామ ముఖంమీద మామ పేరు పలికిన రోజు ఆ తెగలో లేదు.

"నువ్వు నా ఇంటిదానివి కాదు" అన్నాడు.

ఆమె ఒక్కొక్కరి ముఖం చూసింది. తాను ఎక్కడ దొరికిపోయిందో ఆమెకు అర్థమైనట్టు లేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. పెదవులు చెవులదాకా చీలాయి. లోపలినుంచి నాలుకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి. ఎర్రవి, నల్లవి, ముసలివి, పసివి, ఒక్కొక్కటి ఒక్కో భాషలో బూతులు తిడుతోంది. భుజాలు పగిలి రాబందు రెక్కలు విచ్చుకున్నాయి. వాటి విసురుకు గుడారం కప్పు ఎగిరిపోయింది, పొయ్యి చెదిరింది, జనం పొర్లిపోయారు.

"తొక్కించాక తీరిగ్గా కోసుకుందామనుకున్నాను దాని నాలుక! ఇక పచ్చిగానే తింటాను! అది మింగానంటే కనకధార సింహాసనం దగ్గరికి కూతురినై నడిచిపోతాను!" అంటూ శతజిహ్వ ఎగిరి, గడ్డిలోని మూటమీద వాలి, గోళ్ళతో పట్టుకుని పైకి లేచింది.

హేమాంగదుడు బయటికి ఉరికి, ఒక రౌతును గుర్రం మీదినుంచి ఈడ్చి పడేసి ఎక్కాడు. గుర్రాలు పట్టే ఉచ్చుగడ వాడి చేతిలోంచి ఊడిపడుతుంటే అందుకున్నాడు. గుర్రం గడ్డిని చీల్చుకుంటూ దౌడు తీసింది. పైన రెక్కల నీడ, కింద డెక్కల మోత. కంబళి మూటకు వేలాడుతున్న తాడు కొస అతడి తలపై అల్లాడుతోంది. గడ విసిరాడు, తప్పింది. మళ్ళీ విసిరాడు. ఉచ్చు తాడును పట్టింది. మరుక్షణం జీను అతడి కిందనుంచి జారిపోయింది.

"బాబూ! వదలొద్దు! వదిలెయ్! అయ్యో వదలొద్దు!" అని నాగోజి కింద చీమంతై పరుగెడుతున్నాడు.

గడను వదిలి, తాడు పట్టుకుని ఎగబాకాడు హేమాంగదుడు. చేతులు కోసుకుపోయాయి. ఎట్టకేలకు మూటను కావలించుకున్నాడు. మంత్రగత్తె గోళ్ళలోంచి కంబళి చిరిగి జారి, మూట ఇప్పుడు వాటికి చిక్కుకున్న ఒకే ఒక్క కుట్టుతాడుతో వేలాడుతోంది. నడుములోంచి కత్తి తీశాడు. తల కిందికి వంచితే చాలా దూరాన ఏదో తళుక్కుమంది. చెరువో, మంచుగడ్డో, ఉప్పునేలో తెలియలేదు.

"కొయ్యి తమ్ముడూ! కింద నీళ్ళున్నాయి!" అంది అక్క గొంతు.

"కొయ్యకు తమ్ముడూ! రాళ్ళున్నాయి, చచ్చిపోతాం!" అంది అక్క గొంతే.

రెండూ ఒకే గొంతు. రెండింట్లోనూ అదే వణుకు. ఒకటి మూటలోంచి వచ్చిందా, రెండోది పైనుంచి వచ్చిందా? గాలి హోరులో తెలియలేదు. కొయ్యి అన్నది అక్కా? కొయ్యకు అన్నది అక్కా? పైన నాలుకలు కిలకిల నవ్వాయి. అన్నీ అక్క నవ్వే నవ్వాయి.

హేమాంగదుడు చెవులను నమ్మడం మానేశాడు. కత్తి పళ్ళమధ్య ఇరికించి, ఖాళీ అయిన అరచెయ్యిని కంబళి మీద ఆన్చాడు. దళసరి ఉన్ని వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి అతడి అరచేతికి ఆనింది. ఒక్క క్షణం అలాగే నిలిచింది. తర్వాత అతడి చేతిని నెట్టడం మొదలుపెట్టింది. బలంగా, పట్టుదలగా, పైకి, ఆ కుట్టుతాడు వైపుకి.

"కొయ్యకురా, నీకు పుణ్యముంటుంది!" అని అక్క గొంతు అతడి చెవిలోనే ఏడ్చింది.

అతడు కత్తి చేతిలోకి తీసుకుని, మూటను ఎడమచేత్తో గుండెకు హత్తుకుని, తాడును ఒక్క వేటుకు తెంచాడు.